నూనె తాగిన బ్రేకు

మొదటి రాయి తలుపుకు తగిలినప్పుడు సుసన్న గడియ మీది చెయ్యి తియ్యలేదు, చెక్క అదిరిన అదురు మణికట్టులోంచి మోచేతికి, అక్కణ్ణించి దవడల్లోకి పాకింది, రెండో రాయి పెంకుల మీద పడి దొర్లి దొర్లి వాకిట్లోకి జారింది, ఆ తరవాతవి ఆమె లెక్కపెట్టలేదు. "వాన్ని బయటికి తోలు టీచరమ్మా, నీ జోలికి రాం" అని ఒక గొంతు, అది ఫిట్టరు ముత్యం గొంతు, మొన్ననే బడి గేటు దగ్గర నిలబడి మావోడు పాసైతడా టీచరమ్మా అని మెత్తగా అడిగిన గొంతు, ఇప్పుడు అందరి గొంతుల మీదికీ ఎక్కి అరుస్తోంది. కిటికీ రెక్కల సందులోంచి మనుషులు ముక్కలు ముక్కలుగా కనిపిస్తున్నారు, ఒక భుజం, ఒక టోపీ, నడుముకి ఇంకా విప్పని గని దీపం బెల్టు, ఒక పిడికిలి, పిడికిట్లో గొడ్డలి కామ, షిఫ్టు దిగి స్నానాలైనా చెయ్యకుండా వచ్చారు, బొగ్గు మొహాల్లో కళ్ళొక్కటే తెల్లగా ఉన్నాయి, ఆ కళ్ళలో చాలా వాటిని ఆమె ఎరుగును, వీళ్ళ పిల్లలకే కదా ఆమె సైన్సు చెప్పేది. పేర్లు పెట్టి పిలిస్తే ఆగుతారేమో అనుకుంది, నోరు తెరిచింది, ఒక్క పేరూ రాలేదు.

వెనక మంచం కింద తమ్ముడున్నాడు. దయాసాగర్ మీసాలున్న మనిషి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు, ఎడమ చెవి సగం తెగి వేలాడుతోంది, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, చొక్కా అనేది లేదు, దాని కాలరు మాత్రం మెడకి తాడులా మిగిలింది. గని దగ్గర్నుంచి కాలనీ దాకా పరిగెత్తుకుంటూ వచ్చాడట, దారి పొడుగునా ఎవరికి దొరికితే వాళ్ళు కొట్టారు, టీ కొట్టు దగ్గర ఎవరో మరిగే నీళ్ళు చల్లారు, వీపు మీద చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. బళ్ళోంచి ఆమె ఇంటికి వచ్చేసరికి వాకిలి ముందు పడి ఉన్నాడు, లాక్కొచ్చి లోపల పడేసి గడియ వేసింది, అప్పటికే వీధి మలుపులో గుంపు కనబడింది. రక్తం సిమెంటు గచ్చు మీద సన్నగా పారి మంచం కోడు దగ్గర ఆగింది. "నేను చంపలే అక్కా" అన్నాడు, అప్పట్నుంచీ అదే మాట, "బ్రేకు పట్టలే. మొత్తం బలం పెట్టి గుంజిన. పట్టలే."

అతను హాలేజీ ఇంజను నడుపుతాడు. గని నోటి దగ్గర రేకుల షెడ్డులో ఒక పెద్ద డ్రమ్ము, దాని చుట్టూ ఉక్కు తాడు, ఆ తాడు చివర ఇనప టబ్బుల వరుస, ఏటవాలు దారిలో బొగ్గు టబ్బుల్ని పైకి లాగడం, ఉత్త టబ్బుల్నీ పైకప్పుకి కొట్టే దుంగలు నింపిన టబ్బుల్నీ కిందికి వదలడం అతని పని. కిందికి వదిలేటప్పుడు మోటారుతో పని లేదు, బరువే లాక్కుపోతుంది, ఆపేది బ్రేకు ఒక్కటే. ఈ రోజు దుంగల టబ్బులు దిగుతుంటే డ్రమ్ము అతని చేతిలోంచి పోయింది, తాడు షెడ్డులో కొరడాలా కొట్టుకుంటూ పరిగెత్తింది, టబ్బులు చీకట్లోకి విసిరేసినట్టు వెళ్ళి అడుగున నిలబడ్డ పోశాన్ని గోడకేసి కొట్టాయి. ఇద్దరిని దవాఖానకు తీసుకుపోయారు. పోశాన్ని తీసుకుపోవడానికి దుప్పటి అడిగారు. పోశం వాళ్ళది ఇదే లైనులో మూడిళ్ళ అవతల, పోశం భార్య లింగవ్వ పొద్దున్నే నిప్పు కోసం చిప్ప పట్టుకొచ్చేది, ఎవరి బొగ్గుల పొయ్యి ముందంటుకుంటే వాళ్ళ దగ్గర రెండో వాళ్ళు నిప్పు తీసుకునేవాళ్ళు, ఈ రోజు పొద్దున కూడా వచ్చింది, మీ పొయ్యి ఎప్పుడూ ముందే రాజుకుంటదే సుసన్నా అని నవ్వింది, ఆ నవ్వు ఎన్ని గంటల కిందటిది, ఏ దేశంలోది.

ఇంకో రాయి, ఈసారి కిటికీ మీద, రెక్క చీలింది. సుసన్న బల్లని లాగి తలుపుకి అడ్డం పెట్టింది, బల్ల మీద పదో తరగతి పుస్తకం ఇంకా తెరిచే ఉంది, పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి పొద్దున బళ్ళో దక్షత పాఠం రెండోసారి చెప్పింది. ఒక యంత్రానికి మనం ఇచ్చిన శక్తిలో పనిగా తిరిగొచ్చినది ఎంత వంతు, అది దాని దక్షత. గిలక తీసుకోండి, తాడూ చక్రమూ రాచుకున్న చోట కొంత పోతుంది. మీ ఇంట్లో బల్బు తీసుకోండి, వెలుగు కొంచెం, మిగతాదంతా వేడి, నమ్మకపోతే ముట్టుకుని చూడండి. బొగ్గుల పొయ్యి తీసుకోండి, గిన్నెకి అందేది కొంచెమే, మిగతాది మీ అమ్మ మొహానికీ గోడకీ గాలికీ. పిల్లలు నవ్వారు. పోశం కూతురు సారలమ్మ లేచింది, ఎప్పుడూ అదే లేస్తుంది, "మిగిలింది ఎటు పోతది టీచర్?" అంది. "ఎటూ పోదు బిడ్డా. వేడైతది, చప్పుడైతది, అరుగుడైతది. మనకు అక్కరకు రాకుంట పోతది, అంతే." "మరి నూటికి నూరు పనిచేసే మిషను ఉంటదా?" "ఉండది." "అయితే ఏం పని చెయ్యకుంట అంత వేడే చేసేది ఉంటదా?" తరగతి మళ్ళీ నవ్వింది, సుసన్న కూడా నవ్వింది, మంచి ప్రశ్న అది, పుస్తకంలో లేనిది. "ఉంటది. బ్రేకు. ఉరికే బండి బలమంత తను మింగి వేడి చేస్తది. దానికదే పని" అని, బోర్డు మీద చక్రమూ దానికి రెండు వైపులా రెండు చెక్కలూ గీస్తూ ఉంది, సుద్దముక్క రెండో చెక్క మీద ఉండగా వేళకాని వేళ సైరన్ కూసింది. ఆగి ఆగి కూసింది. ఆ కూత ఏమిటో ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు, అందరూ ఒక్కసారే లేచారు, బల్లలు పడ్డాయి, ఎవరి నాన్న ఏ షిఫ్టులో ఉన్నాడో ఎవరికి వాళ్ళు గొణుక్కుంటూ తలుపు దగ్గర ఒకరినొకరు తోసుకున్నారు. సారలమ్మ మాత్రం నిలబడ్డ చోటే నిలబడి ఉంది.

"కాలబెట్టున్రి" అన్నారెవరో బయట. "ఇల్లు కంపెనీది, కాలబెడితే మనమే కట్టాలె" అని ఇంకొకడు, దానికి నలుగురు నవ్వారు, ఆ నవ్వుకే ఆమెకి రాళ్ళకంటే ఎక్కువ భయమేసింది, నవ్వగలుగుతున్నారంటే ఇది చల్లారదు. దయాసాగర్ మంచం కింద మూలిగాడు, ఆమె వంగి అతని నోటి మీద అరచెయ్యి పెట్టింది, పెట్టాక గుర్తొచ్చింది, ఇది మొదటిసారి కాదు, ఇదే మంచం, దీని నులక రెండుసార్లు మారింది, కోళ్ళు అవే, అప్పుడు వాడు పాకే పిల్లాడు, ఆమె లంగా వేసుకున్న పిల్ల, ఇద్దరూ మంచం కింద, మంచం అవతల అమ్మ పాదాలూ నాన్న బూట్లూ. నాన్న యోబు బొగ్గు కొట్టే మనిషి. పొద్దున్నే ప్రార్థన చేసుకుని గనిలోకి దిగేవాడు, మధ్యాహ్నం ఎక్కేవాడు, ఎక్కి ఇంటికొచ్చి అన్నం ముందు కూచుని, అన్నంలో రాయి వచ్చిందనో నీళ్ళు వేడిగా లేవనో, ఏమీ లేకపోతే ఏమీ లేదనో లేచేవాడు, దీపం బెల్టు విప్పేవాడు, దాని ఇత్తడి బకిల్ అమ్మ మోకాలి చిప్ప మీద పడినప్పుడు గిన్నె పగిలినట్టు వినబడేది, అమ్మ అరిచేది కాదు, అరిస్తే పిల్లలు బయటికొస్తారని. ఒకసారి అమ్మ తల ద్వారబంధానికేసి కొట్టాడు, ఒకసారి కాదు, నాలుగైదు సార్లు, కొయ్య మీద మేకు కొట్టినట్టు కొట్టాడు, తమ్ముడు ఏడవబోతే సుసన్న వాడి నోరు మూసింది, వాడు ఆమె అరచెయ్యి కొరికాడు, ఆమె తియ్యలేదు. కొట్టడం అయ్యాక నాన్న గోడకి ఆనుకుని కూచుని కళ్ళు మూసుకునేవాడు, అమ్మ మూసుకుపోని ఒక కన్నుతో లేచి నీళ్ళు కాచి ఆయన వీపు మీద పోసేది, నల్లనీళ్ళు వాకిట్లోకి పారేవి.

అంత పని చేసి వచ్చిన మనిషిలో ఇంకా ఇంత బలం ఎక్కడ మిగిలింది అని ఆ పిల్లకి ఆశ్చర్యం. తరవాత వరంగల్లులో చదువుకునేటప్పుడు ఒక మాస్టారు దక్షత సూత్రం బోర్డు మీద రాసి, ఇది పని, ఇది వృథా అని గీత కింద గీత గీస్తే, క్లాసంతా రాసుకుంటుంటే ఆమె పెన్ను ఆగిపోయింది. నాన్నలోంచి గని తనకి కావలసింది తీసుకునేది. మిగతాది ఇంటికి వచ్చేది. పుస్తకం దాన్ని వృథా అంటోంది, వృథా అంటే అమ్మ. నాన్న ఊపిరితిత్తులు బొగ్గు దుమ్ముతో నిండిపోయి చచ్చిపోయినప్పుడు సుసన్న ఏడవలేదు, అమ్మ ఏడ్చింది, ఆ తరవాతి చలికాలంలో అమ్మ కూడా పోయింది, తమ్ముడికి నాన్న స్థానంలో ఉద్యోగమొచ్చింది, ఆమె పెళ్ళి మాట ఎత్తినవాళ్ళందరికీ వద్దని చెప్పింది. తమ్ముడు ఎవరి మీదా చెయ్యెత్తడు, ఒక్కసారి కూడా ఎత్తలేదు, చీమల్ని ఊది పక్కకి తోసే మనిషి, ఈ రోజు వాడి చెయ్యి ఒక మీట మీద ఉండగా ఒక మనిషి గోడకి అతుక్కుపోయాడు.

"పట్టకపోవుడేంది తమ్మీ, నిన్న మంచిగనే పట్టింది గదా" అంది అతని నోటి మీది చెయ్యి తీసి, మెల్లగా. అతను ఒంటి కన్నుతో చూశాడు. "నూనె తాగింది అక్కా. గేరు పెట్టె నుంచి కారుతుంది, వారం సంది. బ్రేకు చెక్కల మీద పడుతుంది. ముత్యానికి చెప్పిన, గోనెపట్ట దెచ్చి తుడిచిండు. ఆదివారం ఇప్పుతా, అందాంక నడుపు అన్నడు." "నువ్వు నడిపినవ్?" "నడిపిన. ఆపితే షిఫ్టంత ఆగుతది, అందరు నా మీదికే వస్తరు. నడిపిన అక్కా." ఏడుస్తాడనుకుంది, ఏడవలేదు, "నన్ను ముందుగాల కొట్టింది ముత్యమే" అన్నాడు, "ఇంక ఎవలు రాకముందే వచ్చిండు షెడ్డుకు. స్పానరు తోని చెవుల మీద కొట్టిండు. నూనె మాట ఎత్తినవంటే నీ పానం తీస్త అన్నడు. అటెన్క బయటికి పోయి, తాగి నడిపిండు, తాగి చంపిండు అని ఒర్రిండు. నేను తాగుతనా అక్కా?"

నూనె. ఆమెకి బోర్డు మీది చక్రం కనబడింది, దానికి అటూ ఇటూ రెండు చెక్కలు. నూనె ఎక్కడైనా మంచిదే, ఇరుసుల్లో, గిలకల్లో, కుట్టుమిషన్లో, రాపిడి తగ్గిస్తుంది, దక్షత పెంచుతుంది, పిల్లలు అదే రాస్తారు, మార్కులు పడతాయి. ఒక్కచోట కాదు. ఏటవాలులో దిగే బరువు జోరు ఊరికే మాయమవదు, బ్రేకు చెక్కల్లో వేడిగా పోవాలి, చెక్కలు పొగలు కక్కుతూ దాన్ని తినాలి, అవి తినకపోతే అది అట్లాగే కిందికి వెళ్ళి అక్కడ నిలబడ్డవాళ్ళని తింటుంది. పోశాన్ని తిన్నది అదే. ఇది బయట నిలబడ్డవాళ్ళకి ఎట్లా చెప్పాలి, సుద్దముక్కతో గీసి చూపించాలా, తలుపు సందులోంచి అరవాలా, అరిస్తే అక్క కాబట్టి అంటోంది అంటారు, ముత్యం గొంతే పైన ఉంటుంది. తలుపు పై మడతబందు మేకు ఒకటి ఊడి గచ్చు మీద పడింది. పొడుగ్గా, తుప్పుపట్టి ఉంది. ఆమె దాన్ని తీసి పిడికిట్లో పెట్టుకుంది, ఎందుకో తెలియదు.

అప్పుడు అరుపులు తగ్గాయి. ఎవరో దారి ఇస్తున్నట్టు గుంపు జరిగిన చప్పుడు. తలుపు మీద అరచెయ్యి పడింది, రాయి కాదు, పిడికిలి కాదు, పొద్దున నిప్పు కోసం తట్టినట్టే. "సుసన్నా. తియ్యి." లింగవ్వ. ఏడుపు లేదు ఆ గొంతులో, తడి లేదు, ఇసక రాలినట్టుంది. సుసన్న నుదురు తలుపుకి ఆనించింది, చెక్కకి ఇవతల తను, అవతల ఆమె, ఉద్యమం సంవత్సరం బళ్ళు మూతపడినప్పుడు ఈ గడప మీదే కూచుని లింగవ్వ పలక మీద తన పేరు రాయడం నేర్చుకుంది, ల కి గుడి, పక్కన సున్నా పెట్టి, ఇంతేనా నా పేరు అంది. "వదినె, ఇప్పుడు కాదు. వాళ్ళు చంపుతరు వాన్ని." "నేను సంపుతా అంటలేను. ఒక్కసారి సూస్త వాని మొఖం." "వదినె, నీ కాళ్ళు మొక్కుత." "ఆయన మొఖం సూపియ్యమన్న గని కాడ. దుప్పటి తియ్యనియ్యలే. నేనే గుంజిన. మొఖం లేదే సుసన్నా. సూద్దామంటే మొఖం లేదు. ఎవరిదో ఒక మొఖమన్న సూడాలె నేను, తియ్యి." సుసన్న గడియ మీద వేళ్ళు పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

అప్పుడే ఆమెకి తట్టింది, ముత్యం గొంతు వినబడటం లేదు. అందరూ లింగవ్వ కోసం ఆగారు, ముత్యం అంతకుముందే ఆగాడు. ఎందుకు ఆగాడు. పెరట్లో నీళ్ళ డ్రమ్ము మీది మూత చప్పుడైంది. ఆమె వంటగదిలోంచి పెరట్లోకి వెళ్ళింది, వెళ్తూ పిడికిట్లోని మేకు వదిలేసి మూలనున్న రోకలి తీసుకుంది, తీసుకున్నట్టు తెలియలేదు, దాని ఇనప పొన్ను గచ్చుకి తగిలి మోగినప్పుడు తెలిసింది. గోడ మీంచి ఒక స్పానరు లోపలికి వచ్చి డ్రమ్ముకి తగిలి కిందపడి ఉంది, పెద్దది, మోచేతంత ఉంది, దాని నోటికి ఎండిన రక్తం, అందులో తమ్ముడి వెంట్రుకలు. గోడ మీద ఎనిమిది వేళ్ళు. తరవాత తల. ముత్యం గడ్డం గోడ మీద ఆనించి, కాళ్ళకి పట్టు దొరక్క అవతల గీరుకుంటూ, ఆమెని చూశాడు. చూసి ఆగాడు. ఆ మొహంలో కోపం లేదు, అది ఆమె తరవాత చాలాకాలం ఆలోచిస్తుంది, భయం ఉంది, దొంగతనం బయటపడ్డ పిల్లాడి మొహంలా, చెమట బొగ్గులో చారలు పెట్టుకుని కారుతోంది. "టీచరమ్మా" అన్నాడు, మళ్ళీ ఆ మెత్తటి గొంతుతో, "వానితోని ఒక్క మాట మాట్లాడి పోత. నాకు పిల్లలున్నరు."

ఆమె కొట్టింది. కుడిచేతి వేళ్ళ మీద పొన్ను పడింది, వేళ్ళకీ గోడకీ మధ్య ఏదో పటుక్కుమంది, అతని నోరు తెరుచుకుంది, ముందు చప్పుడు రాలేదు. రెండోది ముంజేతి మీద, ఎముక లోపలికి వంగడం రోకలి పొడుగునా ఆమె అరచేతుల్లోకి వచ్చింది, అప్పుడొచ్చింది కేక, అతను అవతలికి జారిపోయాడు, మూడోది ఎత్తింది, ఎత్తాక అక్కడ ఏమీ లేదు, ఉత్త గోడ, అయినా కొట్టింది, పెచ్చులు లేచి కళ్ళలో పడ్డాయి. మూడోది ఎవరి కోసం. నాలుగోది ఎత్తబోతుంటే తన చేతుల్ని తను చూసింది, నరాలు తేలి, వేళ్ళు బిగుసుకుని, ఆ బిగువు ఎక్కడిదో ఆమెకి తెలుసు, మంచం కిందనుంచి చూసిన బిగువు, ఒళ్ళంతా తేలికైపోయి, చల్లటి నీళ్ళు తాగినంత హాయిగా ఉంది, నాన్నకి కూడా ఇంత హాయిగా ఉండేదా, అందుకేనా కళ్ళు మూసుకుని కూచునేవాడు. రోకలి జారి పడింది. 

ముందు తలుపు దగ్గర ఇంకో చప్పుడు. రాయి పడిన చప్పుడే కానీ చెక్క మీద కాదు, మెత్తగా పడింది, వెంటనే "అవ్వా" అని చిన్నగా. వెనకనుంచి ఎవడో విసిరినది తలుపుకి రాకుండా తలుపు దగ్గరి మనిషికి తగిలింది. సుసన్న లోపలికి పరిగెత్తి బల్ల తోసేసి గడియ తీసింది. వెలుతురు మొహం మీద కొట్టింది, ఎదురుగా లింగవ్వ, జుట్టు విరబోసుకుని, నెత్తి పగిలి నుదుటి మీంచి ముక్కు మీదికి రక్తం కారుతూ, దాన్ని తుడుచుకోకుండా, సుసన్న మొహంలోకి చూసింది, లోపలికి చూసింది, మళ్ళీ మొహంలోకి చూసింది. జడ పట్టుకుని వాకిట్లోకి ఈడ్చింది. "నా మనిషేడి" అంటూ చెంప మీద, "నా మనిషేడే" అంటూ మెడ మీద, వీపు మీద, పిడికిళ్ళతో, మోచేతులతో, సుసన్న మోకాళ్ళ మీద పడింది, చేతులు అడ్డం పెట్టలేదు, పెట్టకూడదని కాదు, ఇంతకుముందు ఆ చేతులు చేసిన పని చూశాక వాటిని ఎత్తడం ఆమెకి చేతకాలేదు. గుంపు కదల్లేదు. కొట్టే హక్కు ముందు ఆమెదే అన్నట్టు గొడ్డలి కామలు కిందికి దించి నిలబడ్డారు. లింగవ్వ గాజు ఒకటి విరిగి సుసన్న చెవి కింద గుచ్చుకుంది.

"అక్కను ఇడువు వదినె." దయాసాగర్ గడపలో నిలబడ్డాడు, ద్వారబంధం పట్టుకుని, తెగిన చెవీ ఉబ్బిన వీపూ అందరికీ కనబడేట్టు. "నేనీడున్న." గుంపు ఒక్క అడుగు ముందుకు వేసింది, ఆ అడుగు నేల మీద వినబడింది, సుసన్న మోకాళ్ళ మీదనుంచే లేచి వాళ్ళకీ తమ్ముడికీ మధ్య పడింది, గొంతు వచ్చింది, ఎక్కణ్ణించి వచ్చిందో, తరగతి గదిలో ఎప్పుడూ రాని గొంతు, "వాడు తాగలే! బ్రేకుకు నూనె కారింది, వారం సంది కారుతుంది, వాడు చెప్పిండు, ముత్యం గోనెపట్ట తోని తుడిచి పోయిండు! పోయి చూడున్రి చెక్కలను, వాసన చూడున్రి! ముత్యాన్ని అడుగున్రి!" "ముత్యమేడి?" అన్నారెవరో. "ఎనుక గోడ కాడ పడున్నడు. నేనే కొట్టిన. మీరందరు ముందట ఉంటే ఆయన ఒక్కడు ఎనుక నుంచి ఎందుకొచ్చిండో అడుగున్రి!" నలుగురైదుగురు సందులోకి పరిగెత్తారు, అటువైపునుంచి ముత్యం ఏడుపు వినబడింది, మగవాడి ఏడుపు, "నేను ఆదివారం ఇప్పుతా అన్న, ఆదివారం ఇప్పుదామనుకున్న" అని ఎవరూ అడక్కముందే చెప్పేస్తున్నాడు. వీధి చివర పోలీసు జీపు హారన్ కొట్టింది.

ముత్యం విచారణలో కూడా అదే మాట చెప్తాడు, అతని కుడిచేతి రెండు వేళ్ళు మళ్ళీ వంగవు, దయాసాగర్ బ్రేకు సంగతి తెలిసీ నడిపినందుకు ఉద్యోగం పోగొట్టుకుంటాడు, అవన్నీ తరవాతి సంగతులు. ఇప్పుడు ఇద్దరు కానిస్టేబుళ్ళు దయాసాగర్ రెక్కలు పట్టుకుని జీపు దగ్గరికి నడిపిస్తున్నారు, జనం దారి ఇచ్చారు గానీ ఒకడు మొహం మీద ఉమ్మేశాడు, ఇంకొకడు పక్కటెముకల్లో గుద్దాడు, పోలీసులు చూడనట్టు నడిచారు, సుసన్న వెనకే నడుస్తోంది, చెవి కింద గాజుముక్క ఇంకా అట్లాగే ఉంది. జీపు వెనక రేకు తలుపు దగ్గర లింగవ్వ అడ్డం నిలబడింది. "ఎక్కియ్యకున్రి. ఒక్కటి అడగాలె." ఎస్సై చేతిలోని లాఠీ ఎత్తి, ఆమె నెత్తి చూసి, దించాడు.

"ఆయన ఆఖరుకు ఏమన్నడు?" అంది. "అరిసిండా? నా పేరేమన్న అన్నడా?"

దయాసాగర్ తల అడ్డంగా ఊపాడు. అంత దూరం కిందనుంచి అరుపు పైకి రాదు వదినె అన్నాడు. గని అడుగునుంచి షెడ్డు దాకా ఒక తీగ ఉంటుంది, కింద పోశం లాగితే పైన గంట మోగుతుంది. "పోశన్న గంట కొట్టిండు. ఒకటి కొడితే ఆపుమని. డ్రమ్ము పోయినంక ఒక్కటే గంట వచ్చింది. మల్ల ఒకటి. మల్ల ఒకటి. పక్క గోడల దాసుకునే గుంత ఉంటది వదినె, దుంకితే బతుకుతుండె. ఆయన దుంకలే. కిందున్న ఆ ఇద్దరి మీదికి టబ్బులు రావద్దని గంట కాన్నే నిలవడి కొట్టిండు. టబ్బులు పోయేదాంక కొట్టిండు. నేను ఇన్న. నేనొక్కన్నే ఇన్న. ఆపలేకపోయిన." అప్పుడు ఏడ్చాడు, తెగిన చెవి మీంచి రక్తం మళ్ళీ మొదలైంది.

గుంపులో ఎవరి చేతిలోంచో గొడ్డలి కామ ఒకటి నేల మీద పడింది. లింగవ్వ అతని మొహం రెండు చేతుల్తో పట్టుకుంది, సుసన్న ముందుకు దూకబోయింది, కళ్ళు పీకేస్తుందనుకుంది, కానీ లింగవ్వ ఆ మొహాన్ని అట్లా పట్టుకుని చూస్తూ ఉంది అంతే, ఉబ్బిన కన్నూ, పగిలిన పెదవీ, బొగ్గూ, చీమిడీ, ఇంత దగ్గరగా ఎవరూ ఎవరి మొహాన్నీ చూడనంత దగ్గరగా. తరవాత జనం వైపు తిరిగింది. "ఈన్ని ఎవడన్న ముట్టుకుంటే నేనే నరుకుత" అంది, "ఆ గంట ఇన్నది ఈడొక్కడే." మళ్ళీ అతని వైపు తిరిగింది.

"ఎట్ల కొట్టిండో కొట్టి సూపియ్యి."

దయాసాగర్ కానిస్టేబులు పట్టులోంచి చెయ్యి లాక్కున్నాడు. వేళ్ళ కణుపులతో జీపు రేకు మీద ఒకసారి కొట్టాడు, ఆగాడు, ఇంకోసారి కొట్టాడు, ఆగాడు, ఇంకోసారి. లింగవ్వ కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వంచి వింది. ఎస్సై డ్రైవరుకి చెయ్యి ఊపాడు, ఇంజను స్టార్టయింది.

"మల్ల కొట్టు" అంది లింగవ్వ.